దుంగల మడుగులో మొసలి

కాగితం మీద మొసలి పొడవు పదిహేను అడుగులు. గడువు నాలుగు రోజులు. మొదటి అంకె అబద్ధం. రెండోది నిజం.

సోమవారం ఉదయం ఆ కాగితం జయంతి చేతికి వచ్చింది. బర్మాలో, చిమిండైంగ్ పేటలోని వార్డు ఆఫీసులో కరెంటు లేదు. అధికారి ఆ కాగితంతోనే ముఖానికి విసురుకున్నాడు, దాన్నే పైకి చదివాడు, చివర ముద్ర కొట్టి బల్ల మీదుగా తోశాడు.

"ప్రభుత్వ స్థలంలో ఉన్న మొసలిని ప్రాణాలతో పట్టుకోవడానికి మీ సంరక్షణ కేంద్రానికి అనుమతి. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాకా. ఆపైన ఒక్క నిమిషం దాటినా మా మనిషి తుపాకీతో దిగుతాడు."

"ఇంకో వారం ఇస్తే..."

"అమ్మాయీ, ఆ మడుగు గట్టు మీద రోజూ నాలుగు వందల మంది నడుస్తారు. ఇప్పటికి ఒక కుక్క పోయింది. తర్వాత పోయేది కుక్కే అని నువ్వు రాసిస్తావా?"

రాసివ్వలేదు. ఆయన మాటలో న్యాయం ఉంది. అదే చిక్కు.

జయంతి పక్కన ఆమె పై అధికారి ఊ సో మిన్ నిలబడి ఉన్నాడు. అరవైకి దగ్గర పడిన మనిషి. కుడిచెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. పంతొమ్మిది మొసళ్ళను పట్టిన చెయ్యి అది. ఇరవయ్యోది ఎదురుపడేలోగా, ఇంట్లో బీరువా జరపబోయి భుజం జార్చుకున్నాడు.

ఆఫీసు మెట్లు దిగుతూ ఆయన అన్నాడు, "తాడు నీది."

వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది బర్మీస్‌లోనే. ఆ భాషలో ఆ మాటకు వేరే అర్థం లేదు. ఉరితాడు ఎవరి చేతిలో ఉంటే వేట వాళ్ళది.

జయంతికి ఇరవై ఏడేళ్ళు. ఆరేళ్ళుగా సంరక్షణ కేంద్రంలో పనిచేస్తోంది. కాలవల్లోంచి కొండచిలువలను లాగింది. ఒకరి వంటింట్లో అటక మీద గుడ్లు పెట్టిన ఉడుమును దింపింది. మొసళ్ళకు మాత్రం గోడ అవతల నుంచి చేపలు విసరడమే. ఇది మొదటిది. చుట్టూ గోడ లేనిది.

"సయా, నా వల్ల కాకపోతే?" గురువుగారూ అన్నట్టు పిలిచి అడిగింది.

"కాకపోతే శుక్రవారం దాన్ని పూడ్చడానికి గొయ్యి తవ్వాలి. అది కూడా మనమే తవ్వాలి. పద, ముందు దాన్ని చూద్దాం."

దుంగల మడుగు నది పక్కనే ఉంది. ఒకప్పుడు పైనుంచి తెప్పలుగా వచ్చిన టేకు దుంగలను అందులో నానబెట్టేవారు. కోత మిల్లు మూతబడింది. దుంగలు కొన్ని మిగిలాయి. చుట్టూ నగరపాలక సంస్థ గట్టు వేసి, నడవడానికి బాట పరిచింది. రెండు వారాల కిందట వానలకు నది పొంగినప్పుడు తూము గుండా మొసలి లోపలికి వచ్చేసింది. నీరు తగ్గింది. తిరిగి పోయే దారి మూసుకుపోయింది.

గంటసేపు చూస్తే ఒక దుంగ పక్కన ఇంకో దుంగ తేలింది. దానికి కళ్ళున్నాయి.

ఊ సో మిన్ దుర్భిణి ఆమె చేతిలో పెట్టాడు. "ఆ దుంగ మీద మిల్లువాళ్ళు అడుగుకొక గాటు పెట్టారు. దాన్నిబట్టి తల కొలువు."

జయంతి లెక్క కట్టింది. ముక్కు కొస నుంచి తల వెనక దాకా పదిహేనున్నర అంగుళాలు. మొసలి ఒళ్ళు దాని తలకు ఏడింతలు ఉంటుంది. తొమ్మిది అడుగులు.

"పదిహేను అన్నారే!"

"భయపడ్డవాళ్ళు కొలిచారు. తొమ్మిది చాలు. తొమ్మిదడుగుల మొసలి నలుగురు మగవాళ్ళను నీళ్ళలోకి ఈడ్చుకుపోతుంది. రోజూ అది ఎక్కడ ఎండ కాచుకుంటుంది?"

ఉత్తరం ఒడ్డున బురదలో పొట్ట ఈడ్చిన జాడ కనిపించింది. అక్కడే మాటు వేయాలని నిర్ణయం జరిగింది. రెండు వరసలుగా వెదురు బొంగులు పాతి ఇరుకు దారి చేస్తారు. దారి చివర ఎర. నడుమ ఉరి. మొసలి తల ఉరిలోంచి దూరగానే వెనక నలుగురు తాడు లాగుతారు. మూతి కట్టేది, కళ్ళ మీద తడి గోనె వేసేది జయంతి.

సాయంత్రం ఇంటికి పోతూ దారిలో ఆమె చిమిండైంగ్ బజారులో ఆగింది. చిలకమ్మ అక్కడ గోంగూర అమ్ముతుంది. జయంతి తల్లికి అక్క. తల్లి పోయాక జయంతికి జడ వేసిందీ, చీవాట్లు పెట్టిందీ ఆమే.

"పెద్దమ్మా, మొసలిని పట్టే పని నాకిచ్చారు."

చిలకమ్మ చేతిలోని గోంగూర కట్ట జారి గంపలో పడింది. "ఏటీ? ఆ మడుగులోదాన్నా? నువ్వా?"

"నేనే."

"మగోళ్ళు సచ్చిపోనారేటి ఆ ఆపీసులో?"

"ఉన్నారు. వాళ్ళు తాడు లాగుతారు."

"నువ్వేటి సేస్తావు?"

"దాని మూతి కడతాను."

చిలకమ్మ ఇంకో చీవాటు పెట్టకుండా జారిన కట్టను తీసి దులిపింది. అది జయంతికి వింతగా తోచాల్సింది. తోచలేదు. తుపాకీ సంగతి చెబితే ఈమె ఇంకా హడలిపోతుందని ఆ మాట మింగేసి, ఆ పూటకు గట్టెక్కినందుకు సంతోషించింది.

"పొద్దున్న ఎన్నింటికొస్తారే మీరంతా మడుగు కాడికి?" అని అడిగింది చిలకమ్మ.

"బస్సు దొరకాలి కదా, ఎనిమిదవుతుంది."

"ఎనిమిది," అంది చిలకమ్మ. మళ్ళీ గోంగూర కట్టలు సర్దుకుంది.

మంగళవారం మధ్యాహ్నం బోటాటౌంగ్‌లో జయంతి ఇంటి ముందు వీధి సగం మూతబడింది. దానికి కారణం ఆమె తాత, చిలకమ్మ తండ్రి, దండాసి.

దండాసికి డెబ్బై ఆరేళ్ళు. నలభై ఏళ్ళు ఓడరేవులో సరుకు దించాడు. పన్నెండు మంది ముఠాకు మేస్త్రీ. మనవరాలు కేంద్రం నుంచి తెచ్చిన తాడును రెండు చేతులతో మెలితిప్పి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, కింద పడేశాడు.

"ఇది బట్టలారేసుకునేది."

"తాతా, అది రెండు టన్నులు మోస్తుందట. దాని మీదే రాసుంది."

"రాసినోడు మొసలిని సూసినాడా? తడిస్తే జారిపోద్ది గుంటా. నలుగురు పట్టుకుంటే నలుగురి సేతులూ కోసీసుద్ది." ఆయన మంచం కిందినుంచి తన తాడు లాగాడు. బొటనవేలంత లావు, మూడు పేటల జనపతాడు. "ఇదైతే తడిసేకొద్దీ బిగుస్తాది."

ఉరి ముడి కూడా ఆయనే వేశాడు. బిగుస్తుందే తప్ప వెనక్కి రాదు, అయినా మెడ నలగకుండా ఒకచోట ఆగిపోతుంది. ఊ సో మిన్ ఎడమచేత్తో దాన్ని నాలుగుసార్లు లాగి చూసి, "పెద్దాయన ముందే దొరికి ఉంటే నాకు రెండు మొసళ్ళు తప్పిపోయేవి కావు," అన్నాడు. దండాసికి బర్మీస్ బాగా వచ్చు. అయినా విననట్టు నటించి, మనవరాలి చేత ఆ పొగడ్తను తెలుగులో మరోసారి చెప్పించుకున్నాడు.

తర్వాత సాధన. మొసలి వేషం కో ఫ్యోకి పడింది. అతను కేంద్రంలో జయంతితోపాటు పనిచేసేవాడు, తొంభై కిలోల మనిషి. లుంగీ గోచీలా బిగించి వీధిలో బోర్లా పడుకున్నాడు. ఎదురింటి అరుగు మీద అప్పుడే పదిమంది చేరారు.

"మ జయంతీ, నేను కరవాలా?" అక్కా అన్నట్టు 'మ' చేర్చి అడిగాడు.

"కరవాలి. మొసలి ఎలా కరుస్తుందో అలాగే."

తాడు మీద కేంద్రం మనుషులు ముగ్గురు, నాలుగో చోట టీకొట్టు యజమాని. జయంతి ఉరి వేసింది. నలుగురూ లాగారు. ఒకడు ముందు లాగాడు, ఒకడు వెనక లాగాడు, టీకొట్టాయన అసలు లాగకముందే జారి పడ్డాడు. కో ఫ్యో రెండుసార్లు దొర్లేసరికి తాడు ముగ్గురి కాళ్ళకూ చుట్టుకుంది. అరుగు మీద చప్పట్లు.

"ఆగండి!" దండాసి కర్ర నేలకేసి కొట్టాడు. "ఏటిది? పెళ్ళాం మీద కోపంతో లాగినట్టు ఎవడికాడు లాగుతాడేటి? కూత లేకుండా తాడు కదల్దు. నాను కూత ఏస్తాను. 'ఐలేసా' అన్నప్పుడే లాగాలి. 'వదులో' అంటే వదిలీయాలి."

"వదిలితే పోదా తాతా?"

"సేతిలోంచి వదలమన్లేదు. బిగువు వదలమన్నాను. పైన కట్టిన మూట గాల్లో ఊగుతుంటే లాగినోడు సస్తాడు. ఊగడం ఆగినాక లాగినోడు బతుకుతాడు. మొసలైతే మాత్రం ఏటి? పొర్లే సరుకు."

సాయంత్రానికి బర్మా కుర్రాళ్ళు ముగ్గురూ 'ఐలేసా' అనడం నేర్చుకున్నారు. కో ఫ్యో మోచేతులు చెక్కుకుపోయాయి. పదకొండోసారి జయంతి అతని మూతికి తాడు చుట్టి, కళ్ళ మీద గోనె వేసి, వీపు మీద కూర్చోవడానికి పట్టిన సమయం ఇరవై రెండు సెకన్లు.

"మొసలికి ఇరవై చాలు. నీ చెయ్యి పోవడానికి," అన్నాడు ఊ సో మిన్. ఇంకో నాలుగుసార్లు చేయించాడు.

బుధవారం ఎనిమిదింటికి వెదురు పాతారు. పదింటికి దారి చివర పంది తొడ వేలాడదీశారు. పావు కిలోమీటరు దూరం దాకా వాసన కొట్టే ఎర. అందరూ తాడు పట్టుకుని గట్టు వెనక కూర్చున్నారు.

పదకొండింటికి మొసలి తేలింది. ఎరను చూసింది. విందులో ఆఖరి పంక్తి దాకా తిని లేచినవాడు ఇంటికొచ్చి చద్దన్నం వైపు చూసినట్టు చూసింది. మునిగిపోయింది.

మధ్యాహ్నం ఒకటికి మళ్ళీ తేలింది. ఈసారి చూడను కూడా లేదు.

"రెండు వారాలుగా ఈ మడుగులో ఉంది," అన్నాడు ఊ సో మిన్. "ఇందులో చేపలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దీనికి ఆకలి మండిపోతుండాలి. ఎందుకు లేదు?"

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి జయంతి చిన్న పడవ తీసుకుంది. ఒడ్డు వెంబడి మెల్లగా తెడ్డు వేసింది. ఉత్తరం ఒడ్డున ఏమీ లేదు. తూర్పున ఏమీ లేదు. దక్షిణం వైపు మిల్లు షెడ్డు వెనక పాత రాతిమెట్లు నీళ్ళలోకి దిగుతున్నాయి. బాట మీంచి చూస్తే కనిపించని చోటు. అక్కడ నీటి మీద బంతిపూలు తేలుతున్నాయి. మెట్టు చీలికలో ఈకలు చిక్కుకున్నాయి.

కోడి ఈకలు. ఒకటి తీసి వేళ్ళతో రాసింది. వేళ్ళకు పసుపు అంటింది.

బర్మావాళ్ళు కోడిని కోశాక పసుపు రాస్తారు. అమ్మవారి మొక్కని కోయకముందే రాసేది ఎవరో జయంతికి బాగా తెలుసు.

గురువారం ఆమె ఎనిమిది గంటల బస్సు కోసం ఆగలేదు. తెల్లవారుతుండగానే టాక్సీలో వచ్చి మిల్లు షెడ్డులో రంపపుపొట్టు గుట్ట వెనక నక్కింది. ఆరింటికి అడుగుల చప్పుడు వినిపించింది. ముగ్గురు ఆడవాళ్ళు. వెనక ఇద్దరు బజారులో కూరలమ్మే అప్పలమ్మ, పద్మ. ముందున్నామె చంకలో కోడి, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో గంట.

చిలకమ్మ మెట్ల మీద నిలబడి గంట కొట్టింది. "రాయే తల్లీ, గంగమ్మ తల్లి గుర్రమా! రా, యేళైపోయింది."

మడుగు నడుమ నీరు చీలింది. నిన్నంతా ఆరుగురు మనుషుల్ని వెర్రివాళ్ళను చేసిన మొసలి, పిలిచిన పెంపుడు కుక్కలా తిన్నగా వచ్చి మెట్లకు ఆరడుగుల దూరంలో ఆగింది. చిలకమ్మ కోడిని విసిరింది. దవడలు టప్పున మూసుకున్నాయి. నీళ్ళు అటూ ఇటూ ఊగి నిలకడపడ్డాయి.

మొసలి దూరం పోయాక జయంతి లేచింది.

"పెద్దమ్మా!"

"ఓలమ్మో!" చిలకమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "నువ్వేటే ఇక్కడ? ఎనిమిదింటికి గదా వస్తానన్నావు!"

"అందుకని ఆరింటికి వస్తున్నావా? ఎన్నాళ్ళుగా?"

"మంగళారం కాణ్ణించి. అంతకుముందు అప్పుడప్పుడు."

"రోజూ ఒక కోడా?"

"మంగళారం రెండు," అంది అప్పలమ్మ వెనకనుంచి, లెక్క తప్పకూడదన్నట్టు.

"దేనికి పెద్దమ్మా ఇదంతా?"

చిలకమ్మ పళ్ళెం కింద పెట్టింది. ఆమెకు కోపం వచ్చింది. "దేనికేటి? నువ్వు దాని నోట్లో సెయ్యెట్టడానికి ఎల్తన్నావు. ఆకలేసినోడి నోట్లో ఎవులైనా సెయ్యెడతారేటి? కడుపు నిండినోడైతే కరుస్తాడా? అది గంగమ్మ తల్లి ఎక్కే గుర్రం. 'నా గుంట వస్తంది, నా సెల్లి కూతురు, దాన్నేటీ సెయ్యకు, నీకేటి కావాలో నాను పెడతాను' అని మొక్కుకున్నాను. తప్పేటి?"

జయంతి మెట్టు మీద కూలబడింది. నిన్నటి మాటు, పంది తొడ, వెదురు బొంగులు. అన్నిటినీ ఓడించింది తన ప్రాణం కోసం వేసిన కోడి. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ముందు నవ్వే వచ్చింది.

"ఏటే నవ్వుతావు?"

"దానికి ఆకలి లేకపోతే ఎర దగ్గరికి రాదు పెద్దమ్మా. ఎర దగ్గరికి రాకపోతే నేను పట్టలేను."

"పట్టకపోతే మానీ. నాకదే కావాలి. మళ్ళీ వానొస్తే దాని దారిన అదే పోద్ది."

"రేపు మధ్యాహ్నానికి నేను పట్టకపోతే కాల్చేస్తారు."

పద్మ "అయ్యో తల్లీ" అంది.

"తుపాకీతోనా?" అంది చిలకమ్మ.

"తుపాకీతోనే. సోమవారమే చెప్పాల్సింది. నువ్వు భయపడతావని చెప్పలేదు."

"నాకు సెప్పకుండా దాస్తావా? నువ్వు దాస్తే నాను దాసినాను. సరిపోయింది." చిలకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడేటి సెయ్యమంటావు?"

"మాటు ఈ మెట్ల దగ్గరికి మారుస్తాం. రేపు ఆరింటికి నువ్వు గంట కొట్టు. అది వస్తుంది."

"నానా?" చిలకమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "తిండికి పిలిచి ఉరెయ్యమంటావా? అమ్మోరి గుర్రాన్నా? నా సేత్తో తిన్నాది అది. నానలాటి పని సెయ్యను."

"ప్రాణం పోదు. డెల్టాలో మొసళ్ళ అడవి ఉంది, అక్కడ వదులుతాం."

"ఎక్కడ వదిలితే ఏటి, మోసం మోసమే గదా!"

ఎనిమిదింటికి ఊ సో మిన్ వచ్చి బతిమాలాడు. తొమ్మిదింటికి దండాసి వచ్చి కూతుర్ని కేకలేశాడు. "నీ ముద్దు మొసలి సచ్చిపోతే అప్పుడు గంట కొడతావా?" అన్నాడు. చిలకమ్మ గోంగూర గంప నెత్తిన పెట్టుకుని బజారుకు పోయింది. ఆమె ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా వెదురు పీకి మెట్ల దగ్గర పాతక తప్పదు. సాయంత్రం దాకా అదే పని. కో ఫ్యో ఫోనులో గంట చప్పుడు పట్టి వినిపిద్దామన్నాడు. వినిపించారు. మొసలి రాలేదు. ఒక ఐస్‌క్రీం బండివాడు వచ్చాడు.

ఐదింటికి చిలకమ్మే తిరిగి వచ్చింది. ఖాళీ గంప చంకలో పెట్టుకుని గట్టు మీద నిలబడింది.

"కొడతాను," అంది. "ఒక షరతు. ముందు దానికి అంతా సెప్పీస్తాను. ఉరి ఎక్కడుందో, తాడు ఎవులు పట్టుకున్నారో, ఎక్కడికి తీసుకెల్తారో. దాపరికం ఉండదు. విన్నాక కూడా వస్తే అది దాని ఇష్టం."

జయంతి తాత వైపు చూసింది. "దానికి తెలుగు ఏం అర్థమవుతుంది పెద్దమ్మా?"

"ఇన్నాళ్ళూ ఏ బాసలో పిలిస్తే వచ్చింది?"

దండాసి కర్ర పుచ్చుకుని ఉరి ముడి సరిచూడడానికి మెట్లు దిగాడు.

శుక్రవారం ఐదు గంటల యాభై నిమిషాలు. సన్నటి మంచు. రాతిమెట్ల నుంచి నీళ్ళలోకి రెండు వరసల వెదురు. వాటి నడుమ, నీటికి జానెడు పైన జనపతాడు ఉరి. తాడు పాత టేకు గుంజ చుట్టూ తిరిగి షెడ్డు పక్కకు పోయింది. అక్కడ కో ఫ్యో, ఇంకో ముగ్గురు. వాళ్ళ వెనక కర్రతో దండాసి. జయంతి రెండో మెట్టు మీద, వెదురుకు ఆనుకుని, చేతిలో మూతితాడు, భుజాన తడి గోనె.

చిలకమ్మ పై మెట్టు మీద నిలబడి ఒక్కసారి గంట కొట్టింది.

నీరు చీలింది. రెండు కళ్ళు. దగ్గరికి, ఇంకా దగ్గరికి. వెదురు దారి ముందు పది అడుగుల దూరంలో ఆగిపోయాయి. కొత్తగా ఏదో ఉందని దానికి తెలిసింది.

"ఇగో తల్లీ, విను," చిలకమ్మ మొదలుపెట్టింది. "ఇది ఉరి. ఇదిగో, ఇక్కడ. నీ మెడకి పడ్తాది. నొప్పెడుద్ది గాని సావవు. ఆ పక్కన నలుగురున్నారు, మా అయ్య కూతేస్తాడు. ఈ గుంట నాది. నీ మూతి కడతాది."

"ఏమంటోంది?" కో ఫ్యో గుసగుసగా అడిగాడు.

"ఉరి ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తోంది," అంది జయంతి పెదవులు కదలకుండా.

"అయిపోయాం."

"నువ్వు రాకపోతే పన్నెండింటికి తుపాకీ వస్తంది," చిలకమ్మ కోడిని చంకలో సర్దుకుంది. "నానేటి సేసేను సెప్పు? వస్తే లారీలో పడుకోబెట్టి డెల్టాకి తీసుకెల్తారంట. పెద్ద నీళ్ళు. నీలాటోళ్ళు సానామంది ఉన్నారంట. మోసం లేదు. అంతా సెప్పీసాను. ఇక నీ ఇష్టం."

మళ్ళీ గంట కొట్టింది. కోడిని వెదురు దారి చివర, మెట్టు మీద పెట్టి పక్కకు తప్పుకుంది.

మొసలి కదల్లేదు. జయంతి లెక్కపెట్టింది. ముప్పై. నలభై. యాభై అయిదు దగ్గర తోక ఒక్కసారి కదిలింది. ముక్కు దారిలోకి వచ్చింది. కళ్ళు ఉరి దాటాయి. మెడ.

"లాగు!" జయంతి అరిచింది.

"ఐలేసా!" దండాసి కూత. తాడు గుంజ చుట్టూ కిర్రుమంది. "ఐలేసా!" మొసలి సగం మెట్ల మీదికి వచ్చింది. నోరు తెరిచింది. అప్పుడు పొర్లింది.

వెదురు బొంగులు పుల్లల్లా విరిగాయి. నీళ్ళు, బురద, కోడి ఈకలు గాల్లోకి లేచాయి. తాడు మెలితిరుగుతుంటే కో ఫ్యో ఇంకా బలంగా లాగబోయాడు. "వదులో!" కర్ర నేలకు తగిలింది. మంగళవారం సాయంత్రం దాకా ఆ కూత విన్నవాళ్ళ చేతులు మెదడుతో పని లేకుండా బిగువు వదిలాయి. మొసలి ఒక పొర్లు, రెండు, మూడు. లాగేది లేకపోయేసరికి పొట్ట కిందికి వేసుకుని ఒక్క క్షణం ఆగింది.

"ఐలేసా!"

ఆ ఒక్క లాగుతో తల పై మెట్టు మీదికి వచ్చింది. జయంతి దూకింది. వీపు మీద పడింది. తడి గోనె కళ్ళ మీద వేసి రెండు అరచేతులతో దవడలు కిందికి నొక్కింది. మొసలి మూయడంలో రాక్షసి, తెరవడంలో పసిపాప. ఊ సో మిన్ ఆ మాట వందసార్లు చెప్పాడు. తాడు ఒక చుట్టు. రెండు. మూడు. ముడి. పైన టేపు.

తోక ఒక్కసారి విసిరి ఆమె కాలు కింద నేల లేకుండా చేసింది. ఆమె పట్టు వదల్లేదు. తర్వాత మొసలి పెనుగులాట మానింది. దాని పక్కటెముకలు ఆమె మోకాళ్ళ మధ్య పైకీ కిందికీ ఆడుతున్నాయి.

"పంతొమ్మిది సెకన్లు," అన్నాడు ఊ సో మిన్.

జయంతి అప్పుడు తన చేతుల వైపు చూసుకుంది. ఆగకుండా వణుకుతున్నాయి. "సయా, ఇవేమిటి?"

"ఇరవయ్యోదానికి కూడా వణుకుతాయిలే. పట్టాక వణికితే పరవాలేదు."

ఎనిమిదింటికి తుపాకీ ఆయన ముందుగానే వచ్చేశాడు. రోడ్డు మీద రద్దీ ఉంటుందని తొందరగా బయలుదేరాడట. సన్నటి, మర్యాదస్తుడైన మనిషి. మెట్ల మీద కాళ్ళు కట్టి, కళ్ళకు గోనె కప్పి పడుకోబెట్టిన మొసలిని చూసి నిట్టూర్చాడు. అది నిరాశ కాదని అందరికీ తెలిసింది.

"మరి నేనేం చెయ్యాలి?" అన్నాడు.

అప్పటికి బజారు బజారంతా గట్టు మీద ఉంది. గోంగూరవాళ్ళు, చేపలవాళ్ళు, నడవడానికి వచ్చిన పెద్దమనుషులు. గంగమ్మ తల్లి గుర్రం తోకను ఒక్కసారి తాకాలని అందరికీ తొందర. ఒకరి మీద ఒకరు పడుతున్నారు. జయంతి మొసలి వీపు మీద నీళ్ళు పోస్తూ వెనక్కి పొండని అరుస్తోంది. ఎవరూ వినడం లేదు.

చిలకమ్మ తుపాకీ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. బాబాయ్ అన్నట్టు పిలుస్తూ తనకు వచ్చిన బర్మీస్‌లో అంది, "ఊలే, ఆ తుపాకీ షెడ్డులో పెట్టి, వీళ్ళని వరసలో నిలబెట్టండి. ఆడవాళ్ళు ఇటు, మగవాళ్ళు అటు."

ఆయన క్షణం ఆలోచించాడు. తుపాకీలోంచి తూటాలు తీసి జేబులో వేసుకున్నాడు. తుపాకీని షెడ్డు గోడకు ఆనించాడు. రెండు చేతులూ చాపి జనంలోకి నడిచాడు. పది నిమిషాల్లో తూము దాకా వరస కట్టింది. మనిషికి రెండు సెకన్లు, తోక మాత్రమే, తల వైపు పోకూడదు.

తొమ్మిదిన్నరకి దండాసి కూతతో పదిమంది మొసలిని గోనెపట్టా మీద ఎత్తి లారీలో పెట్టారు. జయంతి దాని పక్కన కూర్చుని నీళ్ళ డబ్బా దగ్గరికి లాక్కుంది. దారి దూరం. రోజంతా ఒళ్ళు తడుపుతూ ఉండాలి.

లారీ కదలబోతుండగా చిలకమ్మ గంపతో సహా డ్రైవరు పక్క సీటు ఎక్కింది.

"పెద్దమ్మా, దిగు! రేపటిదాకా తిరిగి రాం. బజారు ఏమవుతుంది?"

"అప్పలమ్మ సూసుకుంటాది. పెద్ద నీళ్ళని సెప్పినాను దానికి. నాను కళ్ళారా సూడాల." చిలకమ్మ తలుపు మూసుకుని డ్రైవరు వైపు తిరిగింది. "పోనీ బాబూ. గతుకుల్లో మెల్లగా పోనీ."